రోజుకు ఇరవై కోట్ల మెరుపుల్లో న్యూట్రినో ఏది?

(రికార్డింగు విని రాసిన పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, దాదాపు బరువే లేని చిన్న కణం. ఆ పేరు అనగానే అందరూ చెప్పే మాట ఒకటుంది. అది దేన్నీ తాకదు, క్షణానికి కోటానుకోట్లు మన ఒంట్లోంచి దూసుకుపోతున్నాయి, మనకి తెలియనే తెలియదు అని. నిజమే. కాకపోతే ఆ కోటానుకోట్లూ సూర్యుడి నుంచి వచ్చేవి. వాటి శక్తి లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. ఎలక్ట్రాన్ వోల్టంటే కణాల శక్తికి కొలత. ఇవాళ మన సంగతి వాటితో కాదు. మనం మాట్లాడుకునేవి టెరా, పెటా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినోలు. టెరా అంటే లక్ష కోట్లు. దానికి వెయ్యి రెట్లు పెటా. జెనీవా దగ్గర కణాలని తరిమే ఎల్‌హెచ్‌సీ యంత్రం ఒక ప్రోటాన్‌కి ఇవ్వగలిగేది 6.8 టెరా. మనిషి కట్టిన అతిపెద్ద యంత్రం సత్తా అది. ఈ న్యూట్రినోలు దాన్ని దాటి ఎక్కడో ఉంటాయి. ఇకమీద ఎలక్ట్రాన్ వోల్టు అని ప్రతిసారీ అనను, టెరా, పెటా అనేస్తాను. అర్థం చేసుకోండి.

ఇంత శక్తి వాటికి ఎవరిచ్చారు? అసలు ప్రశ్న అదే. విశ్వకిరణాలు, అంటే అంతరిక్షం నుంచి భూమి మీదికి దూసుకొచ్చే కణాలు, ఉన్నాయని 1912లో విక్టర్ హెస్ బెలూనెక్కి కొలిచినప్పటి నుంచీ తెలుసు. వందేళ్ళు దాటింది. వాటిని అంత వేగానికి తరిమే యంత్రాలు ఆకాశంలో ఎక్కడున్నాయో మాత్రం పూర్తిగా తేలలేదు. ఎందుకు తేలలేదు? విశ్వకిరణం అంటే చాలావరకు ప్రోటాన్. దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి దారిలో అయస్కాంత క్షేత్రాలు దాన్ని వంచేస్తాయి. మన దగ్గరికొచ్చేసరికి ఎక్కడ బయల్దేరిందో ఆనవాలుండదు. పోనీ, గామా కిరణాలు తిన్నగానే వస్తాయి కదా? వస్తాయి. కానీ శక్తి పెరిగేకొద్దీ దారిలో ఉన్న కాంతితోనే, అంటే నక్షత్రాల వెలుతురుతోనూ మహావిస్ఫోటనం నాటి మైక్రోవేవులతోనూ గుద్దుకుని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారిపోతాయి. పెటా స్థాయి గామా కిరణం పక్క గెలాక్సీల నుంచి కూడా మన దాకా రావడం కష్టం.

ఇక మిగిలింది న్యూట్రినో. అదెలా పుడుతుంది? వేగంగా పోతున్న ప్రోటాన్ దారిలో వాయువునో కాంతినో గుద్దుకుంటే పయాన్లు అనే క్షణంలో విరిగిపోయే కణాలు పుడతాయి. ఆ పయాన్లు విరిగిపోతే న్యూట్రినోలొస్తాయి. అంటే ఒక చోటు నుంచి న్యూట్రినో వచ్చిందంటే అక్కడ ప్రోటాన్లని ఎవరో తరుముతున్నారన్నమాట. గామా కిరణం ఎలక్ట్రాన్ల వల్ల కూడా పుడుతుంది కాబట్టి దాన్ని చూసి అంత ధీమాగా చెప్పలేం.

సరే, పట్టాలి. ఎంత కష్టం? లెక్క చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 100 టెరా న్యూట్రినో ఒకటి కిలోమీటరు మందం మంచులోంచి పోతే, అది దేన్నైనా గుద్దుకునే అవకాశం సుమారుగా లక్షలో ఒకటి. పైగా అలాంటివి వచ్చేదే తక్కువ. అందుకే ఒక ఘన కిలోమీటరు కావాలి. ఘన కిలోమీటరంటే వంద కోట్ల టన్నుల పదార్థం. అంత ట్యాంకు ఎవరు కడతారు? ఎవరూ కట్టరు. కాబట్టి ప్రకృతిలో ఉన్నదాన్నే వాడుకోవాలి. అది పారదర్శకంగా ఉండాలి, చీకట్లో ఉండాలి, పైన బాగా కప్పు ఉండాలి. అలాంటివి మూడే: లోతు సముద్రం, లోతు సరస్సు, ధ్రువాల మంచు. 1960లో సోవియట్ శాస్త్రవేత్త మోయిసే మార్కోవ్ ఈ ఆలోచన చెప్పాడు, నీళ్ళలో సెన్సర్లు దింపండని.

ఇక్కడ మన పక్క కథ ఒకటి చెప్పాలి. చిత్తూరు వైపు సరిహద్దు దాటగానే వచ్చే కోలారు బంగారు గనులు ఎరుగుదురు కదా? అక్కడ 2 కిలోమీటర్లకు మించిన లోతులో, టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళూ జపాన్ నుంచి ఒసాకావాళ్ళూ ఇంగ్లండ్ నుంచి డర్హమ్‌వాళ్ళూ కలిసి డిటెక్టర్లు పెట్టారు. విశ్వకిరణాలు మన వాతావరణాన్ని గుద్దుకుంటే పుట్టే న్యూట్రినోలని 1965లో పట్టారు. అదే ఏడు దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడ్ రైన్స్ బృందం కూడా పట్టింది. అంత లోతుకి ఎందుకు దిగారు? పైనుంచి పడే మ్యుయాన్లు రాతిలో ఆగిపోవాలని. మ్యుయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణం, విశ్వకిరణాలు గాలిని గుద్దుకుంటే పుడుతుంది. ఈ మ్యుయాన్లు అనే మాట గుర్తుంచుకోండి. ఇవాళ నా ఉపన్యాసంలో సగం గొడవ వీటితోనే.

ఇప్పుడు వెలుగు సంగతి. న్యూట్రినో మంచులో ఒక కేంద్రకాన్ని గుద్దుకుంటే ఆవేశమున్న కణాలు బయటికొస్తాయి. మంచులో కాంతి వేగం శూన్యంలో కంటే పాతిక శాతం తక్కువ. ఈ కణాలు దానికంటే వేగంగా పోతాయి. అప్పుడు నీలిరంగు వెలుగు శంకువు ఆకారంలో వస్తుంది, కణం దారికి 41 డిగ్రీల కోణంలో. దాన్నే చెరెంకోవ్ కాంతి అంటారు. కణం సెంటీమీటరు పోతే కొన్ని వందల ఫోటాన్లు, అంటే కాంతి కణాలు. ఆ ఫోటాన్లు ఏ సెన్సర్‌కి ఎప్పుడు తగిలాయో కొలిస్తే కణం దారి తెలుస్తుంది. ఎన్ని తగిలాయో లెక్కిస్తే శక్తి తెలుస్తుంది. సిద్ధాంతం మొత్తం ఇంతే. మిగతాదంతా అది ఎక్కడెక్కడ చెడుతుందో తెలుసుకోవడం.

ఐస్‌క్యూబ్‌ని ఎలా దింపారు

దక్షిణ ధ్రువంలో, అమండ్సెన్ స్కాట్ స్టేషన్ పక్కన ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో డిటెక్టర్ ఉంది. మంచులో 86 రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒక పొడుగాటి కేబుల్, దానికి 60 గాజుగోళాలు. ఆ కేబుల్‌నే స్ట్రింగ్ అంటారు. 86 అరవైలు 5,160 గోళాలు. అవి వేలాడేది 1,450 మీటర్ల లోతు నుంచి 2,450 మీటర్ల దాకా. స్ట్రింగుకీ స్ట్రింగుకీ మధ్య 125 మీటర్లు, గోళానికీ గోళానికీ మధ్య 17 మీటర్లు. మధ్యలో 8 స్ట్రింగులు మాత్రం దగ్గరగా, తక్కువ శక్తి న్యూట్రినోల కోసం. 2010 డిసెంబరుకి కట్టడం పూర్తయింది.

1,450 మీటర్ల దాకా ఎందుకు ఖాళీ వదిలారు? డబ్బు దండగ కదా, పైనుంచే పెట్టొచ్చుగా? పెట్టి చూశారు. ఐస్‌క్యూబ్‌కి ముందు అమాండా అని ఒకటుండేది. 1993-94 వేసవిలో దాని మొదటి స్ట్రింగుల్ని 800 నుంచి 1,000 మీటర్ల లోతులో దింపారు. అక్కడ మంచు నిండా గాలి బుడగలు. ఫోటాన్ బయల్దేరిందో లేదో బుడగకి తగిలి పక్కకి, మళ్ళీ ఇంకో బుడగకి తగిలి ఇంకో పక్కకి. దిక్కు తెలియదు. మంచు పడేటప్పుడు చిక్కుకున్న గాలి అది. లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి, సుమారు 1,400 మీటర్లు దాటాక ఆ గాలి మంచు స్ఫటికంలోనే కలిసిపోతుంది, బుడగ మాయమవుతుంది. అమాండావాళ్ళు తర్వాతి స్ట్రింగుల్ని 1,500 మీటర్ల కిందకి దింపారు. అక్కడ మంచు స్వచ్ఛంగా కనిపించింది. ఐస్‌క్యూబ్ లోతు ఆ దెబ్బతోనే నిర్ణయమైంది.

రంధ్రం ఎలా తవ్వుతారు? డ్రిల్ అంటే మీరు ఇనుప బిట్టుతో బోరు వేయడం అనుకుంటారు. కాదండీ, వేడినీళ్ళు. 88 డిగ్రీల నీళ్ళు, నిమిషానికి సుమారు 760 లీటర్లు, గొట్టం కొసన ముక్కులోంచి జల్లుతారు. మంచు కరిగి కిందకి దారి ఇస్తుంది. ఆ నీళ్ళనే పైకి తోడి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ పంపుతారు. వేడిచేసే యంత్రాల సామర్థ్యం 5 మెగావాట్లకి దగ్గర. ఒక్కో రంధ్రానికి సుమారు 18 వేల లీటర్ల ఇంధనం. ఆ ఇంధనం మొత్తం విమానాల్లో రావాలి.

కానీ మొదటి 50 మీటర్లలో ఈ పద్ధతి పనిచేయదు. ఎందుకో ఆలోచించండి. పైన ఉన్నది ఇంకా మంచుగడ్డగా మారని గుల్ల మంచు. వేడినీళ్ళు పోస్తే ఇంకిపోతాయి, పైకి తోడుకోడానికి నీళ్ళే ఉండవు. అందుకని అక్కడ వేడి ద్రవం తిరిగే శంకువు లాంటి పరికరాన్ని ముందు దింపి, నీళ్ళు నిలిచే గట్టి మంచు దాకా కరిగించి, ఆ తర్వాతే అసలు డ్రిల్ మొదలుపెట్టేవాళ్ళు.

రెండున్నర కిలోమీటర్ల రంధ్రం తవ్వడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు. వ్యాసం 60 సెంటీమీటర్లు. గోళం వ్యాసం 33. అంత తేడా ఎందుకు? తవ్వుతుండగానే గోడలు గడ్డకట్టడం మొదలవుతుంది కదా. మైనస్ 20, మైనస్ 40 డిగ్రీల మంచు అది. డ్రిల్ బయటికి తీసిన క్షణం నుంచి గడియారం నడుస్తుంటుంది. 60 గోళాలనీ కేబుల్‌కి తగిలించి దింపడానికి సుమారు 11 గంటలు. మధ్యలో ఎక్కడైనా ఆగితే రంధ్రం మూసుకుపోయి స్ట్రింగ్ ఇరుక్కుంటుంది. అందుకే ముందే కాస్త వెడల్పుగా తవ్వేది. ఈ పనంతా నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలే. తర్వాత విమానాలు రావు. ఇప్పుడు కూడా చలికాలమంతా డిటెక్టర్ని కనిపెట్టుకుని ఉండేది ఇద్దరే మనుషులు.

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తాయి, తెలుసు కదా. రంధ్రంలో నీళ్ళు పైనుంచి, పక్కల నుంచి గడ్డకడుతూ వస్తే మధ్యలో ఉన్న నీటికి పోయే దారి ఉండదు. అప్పుడు గోళం మీద ఒత్తిడి మామూలు నీటి ఒత్తిడి కంటే చాలా పెరిగిపోతుంది. అందుకని గాజు మందం ఒకటిన్నర సెంటీమీటరుకి దగ్గరగా పెట్టి, 10 వేల పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 10 వేల పౌండ్ల ఒత్తిడి దాకా తట్టుకునేలా చేశారు. చెడిపోయిన గోళాల్లో ఎక్కువ భాగం దింపేటప్పుడో, ఇలా గడ్డకట్టేటప్పుడో చెడిపోయినవే. ఆ గండం గట్టెక్కినవి గట్టెక్కినట్టే. ఇప్పటికీ 98 శాతం పైగా పనిచేస్తున్నాయి. చెడిపోతే బాగుచేయడం ఉండదండీ. మంచులో గడ్డకట్టిపోయింది, ఇక అంతే.

గోళం లోపల ఏముంది? కిందివైపు చూస్తూ 10 అంగుళాల ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్. ఒక్క ఫోటాన్ తగిలి ఒక్క ఎలక్ట్రాన్ ఊడితే, దాన్ని కోటి ఎలక్ట్రాన్లుగా పెంచి ఇస్తుంది. ట్యూబుకీ గాజుకీ మధ్య పారదర్శకమైన జెల్. చుట్టూ భూమి అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లని పక్కకి లాగకుండా మ్యూ-మెటల్ తీగల జాలీ. 12 ఎల్ఈడీలు, ఎందుకో తర్వాత చెప్తాను. ఇంకా ఒక కంప్యూటర్. గోళంలోనే. ట్యూబ్ నుంచి వచ్చే కరెంటు ఆకారాన్ని సెకనుకి 30 కోట్ల సార్లు నమూనా తీసి, అక్కడే అంకెలుగా మార్చి పైకి పంపుతుంది. అసలు సంకేతాన్నే తీగలో పంపొచ్చుగా? అమాండాలో మొదట అలాగే పంపారు. రెండు కిలోమీటర్ల రాగి తీగలో పోయేసరికి నానోసెకన్ల మెరుపు సాగిపోయి ఆకారం చెడిపోయింది. నానోసెకనంటే సెకనులో వంద కోట్లో వంతు.

సమయం సంగతి ఇంకాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. మంచులో కాంతి ఒక నానోసెకనులో 22 సెంటీమీటర్లు పోతుంది. 5 వేల గడియారాలు, ఒక్కొక్కటీ ఒక్కో లోతులో, ఒక్కో చలిలో. వాటన్నిటినీ రెండు మూడు నానోసెకన్ల లోపు కలిపి ఉంచాలి. ఎలా? పైనుంచి ఒక పల్సు పంపుతారు. గోళం దాన్ని అందుకుని, కాసేపు ఆగి, అచ్చం అలాంటి పల్సునే వెనక్కి పంపుతుంది. రానూపోనూ తీగ ఒకటే, పల్సు ఆకారం ఒకటే. కాబట్టి ఆలస్యం రెండు వైపులా సమానం. మొత్తం సమయంలోంచి ఆగిన సమయం తీసేసి సగం చేస్తే తీగలో పట్టిన సమయం. ఇంత సులువు. ఇది అస్తమానం జరుగుతూనే ఉంటుంది. పైన ఉన్న పెద్ద గడియారం జీపీఎస్‌తో నడుస్తుంది.

రాళ్ళలో బియ్యం

కట్టాం, వెలుగు పడుతోంది. ఇప్పుడు అసలు పని.

ప్రతి గోళం చీకట్లో కూడా ఊరికే సెకనుకి 500 సార్లు 'తగిలింది' అంటుంది. గాజులో ఉన్న రేడియోధార్మిక పొటాషియం వల్ల కొంత, ట్యూబు సొంత చప్పుడు కొంత. దీన్ని తీసేయడానికి మొదటి నియమం: ఒక గోళానికి తగిలితే, మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలో వంతు లోపల పైనో కిందో ఉన్న రెండు పొరుగు గోళాల్లో ఒకదానికైనా తగలాలి. అలాంటి జంట తగలడాలు 5 మైక్రోసెకన్లలో 8 వస్తేనే ఏదో జరిగింది అని రాసుకుంటారు.

అలా రాసుకున్నవి సెకనుకి సుమారు 2,700. రోజుకి ఇరవై కోట్లు దాటాయి. ఇవన్నీ ఏమిటి? దాదాపు అన్నీ మ్యుయాన్లే. విశ్వకిరణాలు ధ్రువం మీద గాలిని గుద్దుకుంటే పుట్టి, కిలోమీటరున్నర మంచులోంచి దిగివచ్చినవి. వీటిలో న్యూట్రినోలు ఎన్ని? రోజుకి రెండు మూడు వందలు. పది లక్షలకి ఒకటి. అవైనా మనకి కావలసినవా అంటే కాదు, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలే ఎక్కువ, 1965లో కోలారులో పట్టినలాంటివి. అంతరిక్షంలోంచి వచ్చాయని గట్టిగా చెప్పగలిగే ఎక్కువ శక్తివి ఏడాదికి పదుల్లో ఉంటాయి. బియ్యంలో రాళ్ళు ఏరడం మనందరికీ తెలుసు. ఇది రాళ్ళలో బియ్యపు గింజ ఏరడం.

ఎలా ఏరతారు? మొదటి దారి, భూమినే జల్లెడగా వాడటం. మ్యుయాన్ భూమిని దాటి రాలేదు. న్యూట్రినో రాగలదు. కాబట్టి కింద నుంచి పైకి పోయే మ్యుయాన్ కనిపిస్తే, అది భూమిలోంచి వచ్చిన న్యూట్రినో పుట్టించినదే. దక్షిణ ధ్రువంలో కూర్చుని ఉత్తర ఆకాశాన్ని చూస్తున్నామన్నమాట, భూమిలోంచి.

బాగుంది కదా? మరి ఎక్కడ చెడుతుంది? రెండు చోట్ల. ఒకటి, రెండు వేర్వేరు మ్యుయాన్లు ఒకేసారి పడటం. ఒకటి మూలగా వచ్చి డిటెక్టర్ అడుగుభాగాన్ని తాకింది. ఒక మైక్రోసెకను తర్వాత రెండోది పైభాగాన్ని తాకింది. ముందు కింద, తర్వాత పైన. కంప్యూటర్ ఏమంటుంది? కింద నుంచి పైకి పోయింది అంటుంది. అబద్ధం. రోజుకి ఇరవై కోట్లు పడుతుంటే ఇలాంటి కలయికలు లెక్కలేనన్ని. అందుకని మొత్తం మెరుపుని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ వేరుగా దారి గీసి చూస్తారు. దారి పొడుగునా తగలడాలు సమంగా పరుచుకుని ఉన్నాయా, లేక అటో గుంపు ఇటో గుంపు ఉన్నాయా అని చూస్తారు. ఎక్కడా చెదరకుండా, పుట్టిన శంకువు నుంచి తిన్నగా వచ్చిన ఫోటాన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. అవి తక్కువైతే ఆ దారిని నమ్మరు.

రెండోది మంచు. 2,000 నుంచి 2,100 మీటర్ల మధ్య ఒక దుమ్ము పొర ఉంది. సుమారు 65 వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో గాలికి కొట్టుకొచ్చి పడిన దుమ్ము. ఆ పొరలో కాంతి ఎక్కువ దూరం పోదు. మిగతా లోతు మంచులో కాంతి వంద, రెండు వందల మీటర్లు పోతుంది. ఈ పొర దగ్గర అలా కుదరదు. మ్యుయాన్ ఆ పొరలోంచి పోతే మధ్యలో వెలుగు మాయమై, మళ్ళీ కింద కనపడుతుంది. పొర ఉందని లెక్కలోకి తీసుకోకపోతే శక్తి తప్పు, దిక్కు తప్పు. పైగా ఆ పొర సమతలంగా లేదు, ఒక పక్కకి వాలి ఉంది. ఇంకో ఇబ్బంది, రంధ్రంలో మళ్ళీ గడ్డకట్టిన మంచుది. నీళ్ళలో కరిగి ఉన్న గాలి గడ్డకట్టేటప్పుడు మధ్యకి నెట్టుకొచ్చి, నిలువునా ఒక బుడగల స్తంభం ఏర్పడుతుంది. సరిగ్గా గోళం ముందర! ఇందాక 12 ఎల్ఈడీలు అన్నాను చూడండి, వాటి పని ఇక్కడ. ఒక గోళం మెరిస్తే పక్క స్ట్రింగుల్లోని గోళాలు ఎంత వెలుగు, ఎంత ఆలస్యంగా చూశాయో కొలుస్తారు. అలా కొలిచి కొలిచి మంచుకి పటం గీశారు. ఇంకా గీస్తూనే ఉన్నారు. మంచు ప్రవహించే దిక్కున కాంతి ఒకలా, అడ్డంగా ఇంకోలా పోతుందని కూడా అలాగే బయటపడింది.

భూమిని జల్లెడగా వాడటంలో ఇంకో చిక్కుంది. 40 టెరా దాటాక భూమి మధ్యలోంచి వచ్చే న్యూట్రినోలని భూమే మింగేయడం మొదలుపెడుతుంది. పెటా స్థాయివి కింద నుంచి దాదాపు రావు. మనకి కావలసినవేమో అవే! మరి పైనుంచి వచ్చేవాటిని పట్టాలి, మ్యుయాన్లు కురుస్తున్న వైపు నుంచే. దానికి రెండో దారి: డిటెక్టర్ బయటి పొరని కాపలా పెట్టడం. మ్యుయాన్ బయటి నుంచి వస్తుంది కాబట్టి ముందు బయటి గోళాల్లో వెలుగు వదిలే లోపలికొస్తుంది. న్యూట్రినో అయితే చడీచప్పుడు లేకుండా వచ్చి, లోపల ఎక్కడో హఠాత్తుగా మెరుస్తుంది. నియమం ఇలా పెట్టారు: మొత్తం వెలుగు 6 వేల ఫోటోఎలక్ట్రాన్లు, అంటే ట్యూబుల్లో ఫోటాన్లు ఊడగొట్టిన ఎలక్ట్రాన్లు, దాటాలి. మొదటి 250లో బయటి పొరలో పడినవి 3 కంటే తక్కువ ఉండాలి. బయటి పొర పోగా మిగిలేది 40 కోట్ల టన్నుల చిల్లర. సగానికి పైగా మంచుని కాపలాకే ఖర్చు పెట్టారన్నమాట. పెట్టినందుకు ఫలితం ఉంది. పైనుంచి వచ్చే వాతావరణ న్యూట్రినోలు కూడా దీనివల్ల చాలావరకు పోతాయి. ఎందుకంటే విశ్వకిరణం గాలిని గుద్దుకుంటే కురిసే కణాల జల్లులో అవి పుడతాయి, ఆ జల్లులోనే మ్యుయాన్లు కూడా పుట్టి వెంట వస్తాయి, కాపలాకి దొరికిపోతాయి.

దొరికినవి ఏ ఆకారంలో ఉంటాయి? న్యూట్రినోలు మూడు రకాలు: మ్యుయాన్, ఎలక్ట్రాన్, టౌ. మ్యుయాన్ న్యూట్రినో అయితే కిలోమీటర్ల పొడుగు గీత. దిక్కు అర డిగ్రీలోపు తెలుస్తుంది. శక్తి సరిగా తెలియదు, మ్యుయాన్ ఎక్కడ పుట్టి ఎంత పోగొట్టుకుని వచ్చిందో తెలియదు కాబట్టి. ఎలక్ట్రాన్ న్యూట్రినో అయితే ఒక వెలుగు ముద్ద. శక్తి పది, పదిహేను శాతం తేడాలో తెలుస్తుంది. దిక్కు మాత్రం పది డిగ్రీల తేడా. ఒకటి బాగుంటే రెండోది బాగుండదు, ఏం చేస్తాం. టౌ న్యూట్రినో అయితే రెండు ముద్దలు, ఒకదాని తర్వాత ఒకటి. పెటా శక్తిలో ఆ రెంటికీ మధ్య 50 మీటర్లే. గోళాలు 125 మీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి విడదీయడం కష్టం. 2024లో 7 వచ్చాయని ప్రకటించారు.

ఏం దొరికింది

2012లో రెండు ముద్దలు కనపడ్డాయి, రెండూ పెటా దాటినవి. వాటికి బెర్ట్, ఎర్నీ అని పేర్లు పెట్టారు. అవి దొరికాకే ఆ కాపలా పద్ధతితో వెతికితే రెండేళ్ళ డేటాలో 28 తేలాయి. 2013 నవంబరులో అచ్చయింది. అంతరిక్షం నుంచి ఇంత శక్తి న్యూట్రినోలు వస్తున్నాయని అప్పుడు తేలింది. ఎక్కడి నుంచో తేలలేదు.

2017 సెప్టెంబరు 22న ఒక గీత కనపడింది. 43 సెకన్లలో ప్రపంచంలోని టెలిస్కోపులకి కబురు వెళ్ళింది. ఆ దిక్కున టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్, అంటే కృష్ణబిలం నుంచి జెట్ మనవైపే తిరిగి ఉన్న గెలాక్సీ, గామా కిరణాల్లో చెలరేగుతోందని ఫెర్మీ ఉపగ్రహం చూసింది. పత్రికలన్నీ 'మూలం దొరికింది' అని రాశాయి. నేను కాస్త నెమ్మదిగా చెప్తాను. ఆ న్యూట్రినో శక్తి సుమారు 290 టెరా అని అంచనా. కానీ అది ఒక్కటే చూస్తే, అంతరిక్షం నుంచి వచ్చినదయ్యే అవకాశం 56 శాతం మాత్రమే. గామా జ్వాలతో కలిపి చూస్తేనే మూడు సిగ్మాలు. సిగ్మా అంటే ఇది కాకతాళీయం కాదనే ధీమాకి కొలత, ఎంత ఎక్కువైతే అంత గట్టి. పాత డేటా తిరగేస్తే 2014-15లో అదే దిక్కు నుంచి పదమూడు దాకా ఎక్కువగా వచ్చాయని కనపడింది. చిత్రమేమిటంటే అప్పుడు గామా జ్వాల లేదు. అంటే బలమైన ఆధారమే కానీ, కథ ఇంకా అతకలేదు.

నా దృష్టిలో దానికంటే గట్టిది ఎన్‌జీసీ 1068. మనకి 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ. 2022లో వచ్చిన ఫలితం: సుమారు తొమ్మిదేళ్ళ డేటాలో ఆ దిక్కు నుంచి 79 అదనపు న్యూట్రినోలు, అటూ ఇటూ 20. 4.2 సిగ్మాలు. టెరా గామా కిరణాలు అక్కడి నుంచి రావడం లేదు. అంటే న్యూట్రినోలు పుట్టే చోటు దుమ్మూ వెలుగూ కిక్కిరిసి ఉంది, కృష్ణబిలానికి బాగా దగ్గరగా. గామా బయటికి రాలేకపోతోంది, న్యూట్రినో వస్తోంది. మొదట్లో అనుకున్నాం కదా, న్యూట్రినోలే ఎందుకని. ఇదిగో ఇందుకు. 2023లో మన పాలపుంత పట్టీ కూడా న్యూట్రినోల్లో కనపడింది, 4.5 సిగ్మాలతో. గీతలతో కాదు, దిక్కు సరిగా తెలియని ఆ ముద్దలతోనే పట్టారు.

ఇక నీళ్ళ సంగతి. రష్యాలో బైకాల్ సరస్సులో ఒకటుంది. చలికాలంలో సరస్సు మీద మంచు గడ్డకట్టాక దాని మీద నిలబడి స్ట్రింగులు దింపుతారు. మధ్యధరా సముద్రంలో కేఎం3నెట్ ఉంది. సిసిలీ దగ్గర 3,500 మీటర్ల లోతులో దాని పెద్ద భాగం, ఆర్కా. ఒక్కో గోళంలో ఒక పెద్ద ట్యూబ్ బదులు 31 చిన్న ట్యూబులు, మూడేసి అంగుళాలవి. లైనుకి 18 గోళాలు. మొత్తం లైన్‌ని ఒక గుండ్రటి చట్రానికి చుట్టి సముద్రం అడుగుకి దింపుతారు. అక్కడ వదిలితే చట్రం తేలుతూ, దొర్లుతూ పైకొస్తుంది, లైను విప్పుకుంటూ. ఖాళీ చట్రాన్ని ఓడవాళ్ళు ఎత్తుకుపోతారు.

నీళ్ళలో కాంతి మంచులో కంటే తక్కువ చెదురుతుంది. కాబట్టి దిక్కు బాగా తెలుస్తుంది, శక్తిమంతమైన గీతలకైతే 0.1 డిగ్రీ దాకా. మరి ఇబ్బందులు? ఉప్పునీళ్ళలో పొటాషియం-40 ఉంది, అది విరిగినప్పుడల్లా వెలుగు. జలచరాలు మెరుస్తాయి. వీటిని ఒకే గోళంలో రెండు మూడు ట్యూబులు ఒకేసారి మెరిశాయా లేదా అని చూసి వడగడతారు. తమాషా ఏమిటంటే ఆ పొటాషియం వెలుగు ఎంత ఉండాలో ముందే తెలుసు కాబట్టి, దాంతోనే ట్యూబుల సమయాలని సరిచూసుకుంటారు. ఇంకో ఇబ్బంది, ప్రవాహానికి లైన్లు ఊగుతాయి. 700 మీటర్ల లైను పైకొస మీటర్ల కొద్దీ పక్కకి పోతుంది. అందుకని అడుగున శబ్దం చేసే పరికరాలు, గోళాల్లో వినే పరికరాలు పెట్టి ప్రతి గోళం ఎక్కడుందో ఎప్పటికప్పుడు కొలుస్తారు.

2023 ఫిబ్రవరి 13న ఆర్కాలో 21 లైన్లు మాత్రమే పనిచేస్తున్నాయి. కట్టాలనుకున్న 230లో పదో వంతు కూడా కాదు. ఆ రోజు ఒక మ్యుయాన్ డిటెక్టర్ని అడ్డంగా దాటింది. పనిచేస్తున్న ట్యూబుల్లో మూడో వంతుకు మించి వెలిగాయి. మ్యుయాన్ శక్తి సుమారు 120 పెటా. దాన్ని పుట్టించిన న్యూట్రినోది 220 పెటా అని అంచనా. ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్‌కి ముప్పై వేల రెట్లు. 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. మామూలు మ్యుయాన్ కాదని ఎలా చెప్పారు? అది క్షితిజానికి 0.6 డిగ్రీలే పైనుంచి వచ్చింది. ఆ దారిలో సుమారు 140 కిలోమీటర్ల రాయీ నీరూ ఉన్నాయి. గాలిలో పుట్టిన మ్యుయాన్ ఎంత శక్తిమంతమైనా అంత దూరం బతకదు.

మరి ఐస్‌క్యూబ్ ఇంతకంటే పెద్దది కదా, పదిహేనేళ్ళుగా చూస్తోంది కదా, అలాంటిది ఒక్కటీ ఎందుకు చూడలేదు? మంచి ప్రశ్న, ఇందాకే ముందు వరసలో ఒకరు చీటీ మీద రాసి పంపారు. ఇప్పటికి జవాబు: కేఎం3నెట్‌కి అరుదైన అదృష్టం తగిలి ఉండాలి, లేదా శక్తి అంచనాలో కింది కొస నిజమై ఉండాలి. అంచనా 110 నుంచి 790 పెటా దాకా ఉంది మరి. ఎవరో తప్పు చేశారని అనుకోవడానికైతే ఇప్పటికి కారణం కనపడటం లేదు.

ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేలలేదు. దిక్కులో తేడా 1.5 డిగ్రీలు. ఇంకా ధీమాగా ఉండాలని వృత్తాన్ని 3 డిగ్రీలకి పెంచితే అందులో బ్లేజార్లే డజనుకి పైగా ఉన్నాయి. 0.1 డిగ్రీ దాకా కొలవగల డిటెక్టర్‌లో 1.5 ఎందుకొచ్చింది? గీత దోషం కాదు. గోళాలు ఒకదానికొకటి ఎక్కడున్నాయో బాగా తెలుసు. మొత్తం డిటెక్టర్ సముద్రం అడుగున ఉత్తరానికి, నిలువుకి సరిగ్గా ఎటు తిరిగి ఉందో అంత బాగా తెలియదు. దాన్ని సరిచేయాలంటే ఓడ వెళ్ళి, శబ్ద పరికరాలతో అడుగునున్న గుర్తులని భూగోళం మీది స్థానాలతో మళ్ళీ ముడివేయాలి. అది చేస్తే పాత డేటాకి కూడా ఆ సవరణ వర్తిస్తుంది. అప్పుడు ఆ వృత్తం చిన్నదై, డజనులో ఎన్ని మిగులుతాయో చూడొచ్చు. ఒక్కటే మిగలొచ్చు, ఒక్కటీ మిగలకపోవచ్చు కూడా.

ఇంకో ప్రశ్న ఎవరో అడగబోయారు, అడగండి.